కలింగర దిబ్బ చుట్టాలు

ఉచ్చీరప్పకు పదకొండుమంది అల్లుళ్లు. పదకొండుమందికీ మీసాలున్నాయి, తోకలున్నాయి, పొద్దున లేస్తూనే పచ్చి చేపలు తినే అలవాటుంది.

సరే, పదకొండు అన్నది కాస్త ఎక్కువే. ఎవరు ఎన్నిసార్లు చూసినా ఏడుకు మించి కనపడలేదు. పైగా ఉచ్చీరప్పకు పెళ్లే కాలేదు కాబట్టి కూతుళ్లెక్కడివారని అడిగితే జవాబు లేదు. కానీ మీసాలు, తోకలు, పచ్చి చేపలు మాత్రం అక్షరాలా నిజం. ఆ అల్లుళ్లు తుంగభద్రలో తిరిగే నీటికుక్కలు.

ఎమ్మిగనూరుకు ఉత్తరాన, ఏటి ఒడ్డు పల్లెలో వెదురు పుట్టి నడిపే ఉచ్చీరప్పకు ఉన్న జబ్బు ఇదొక్కటే. ఏటి నడుమ కలింగర దిబ్బ అని ఒక ఇసుక దీవి. దాని మీద ఈకలున్నదైనా, పొలుసులున్నదైనా, బతికే ప్రతి ప్రాణీ తన చుట్టమేనంటాడు. మాటవరసకు అనడం కాదు. వాటి అలకలు, పురుళ్లు, అత్తాకోడళ్ల తగవులు అన్నీ అతని దగ్గర సిద్ధంగా ఉంటాయి. పుట్టి ఎక్కినవాడు అవతలి ఒడ్డు చేరేలోపు అవన్నీ విని తీరాలి. ఏట్లోకి దూకి తప్పించుకుందామంటే మొసలి ఉంది. అది ఉచ్చీరప్పకు బీగుడు, అంటే వియ్యంకుడు.

"సూడు, ఎట్ల నోరు తెరుసుకోని పండుకున్నాడో," అనేవాడు ఉచ్చీరప్ప, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని. "పోయిన పండగకి మర్యాద సరిగ్గా జరగలేదంట. ఇంగా మూసుకోలేదు."

అల్లుళ్ల సంగతి మరీ అన్యాయం. వాళ్లు పని చేయరు. వస్తారు, తింటారు, ఇసుకలో పొర్లి ఒళ్లారబెట్టుకుంటారు, ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతారు. ఒకరోజు ఏట్లో చేపలు పట్టే మాదన్న చినిగిన వల భుజాన వేసుకుని, కట్టె పట్టుకుని వచ్చాడు.

"అన్నా, నీ అల్లుడు నా వల కొరికిపెట్టినాడు. ఏం సేస్తావో సెప్పు."

"ఏ అల్లుడప్పా?"

"ఏ అల్లుడంటే? తోక ఉండేటోడు!"

"తోక అందరికీ ఉండాదిలే. గొంతు కింద తెల్లమచ్చ ఉండాదా?"

"వాడు నా చేపలు తింటాంటే నేను మచ్చలు సూసుకుంటా కూసోవాల్నా?"

"మచ్చ ఉంటే రెండోవాడు. వాడికి నోరు నిలవదు. వల ఈడ పెట్టిపో, నేను అల్లిస్తా. ఇంటికొచ్చిన అల్లుణ్ణి కట్టె తీసుకోని కొడ్తే మనకి ఇజ్జత్ ఉంటాదా మాదన్నా?"

మాదన్న కట్టె అక్కడే పారేసి, వల ఇచ్చి వెళ్లాడు. దారిలో సగం దూరం పోయాక, తాను ఎవరి మర్యాద కాపాడి వస్తున్నాడో అర్థంకాక కాసేపు నిలబడిపోయాడట.

ఎండాకాలంలో దిబ్బ మీద అడుగుపెడితే ఉచ్చీరప్ప చట్టం ఇంకా కఠినం. చెప్పులు పుట్టిలోనే విడవాలి. అతని వెనకాల, అతని అడుగుల్లోనే అడుగేసి నడవాలి. నల్ల టోపీ, పసుపు ముక్కు ఉన్న తెల్లపిట్టలు అప్పుడు గుడ్లు పెడతాయి. గూడూ లేదు, గుట్టూ లేదు. ఉత్త ఇసుకలో చిన్న గుంట, అందులో ఇసుక రంగు గుడ్లు. కంటికి ఆనవు. వాటిని ఉచ్చీరప్ప కోడండ్లు అనేవాడు. నడిమధ్యాహ్నం ఇసుక పెనంలా కాలుతుంటే ఆ పిట్టలు పొట్ట ఈకలు ఏట్లో ముంచుకుని ఎగిరొచ్చి, ఆ తడితో గుడ్ల మీద కూర్చుంటాయి.

"బిందె లేకుండా నీళ్లు మోసే కోడండ్లు ఎవరికైనా ఉండారా?" అని అతని గర్వం.

ఒకసారి పక్షుల లెక్కకని పుస్తకం పట్టుకుని ఒక మేడం వచ్చింది.

"ఎన్ని జతలు గుడ్లు పెట్టాయి పెద్దాయనా?"

"పెద్దకోడలు మూడు పెట్టింది, సిన్నకోడలు రెండు. నడిపిది ఇంగా అలక మీద ఉండాది మేడం."

ఆమె తలెత్తకుండా రాసుకుంది. ఆ పుస్తకంలో ఇప్పటికీ 'మూడో జత: అలక' అని ఉంటుందని యేసేపు ఒట్టు పెట్టి చెబుతాడు.

యేసేపు ఆటో నడుపుతాడు. పల్లె నుంచి ఎమ్మిగనూరుకు రోజుకు నాలుగు తిరుగుళ్లు. గురువారం మొదటి తిరుగుడులో ముందు సీటు ఉచ్చీరప్పది. ఆ సీట్లో కూర్చుని అతను తన అక్క హులిగమ్మ దగ్గరికి పోతాడు, దిబ్బ సంగతులు చెప్పడానికి. యేసేపు ఆటో పక్కన నిలిపి గడపలో కూర్చుని వింటాడు. పద్నాలుగేళ్లుగా వింటున్నాడు. ఆదివారం చర్చిలో ప్రసంగానికి కునుకు తీసే యేసేపు, ఈ గురువారం ప్రసంగానికి ఎన్నడూ కన్ను మూయలేదు.

హులిగమ్మ తమ్ముడి కంటే పదేళ్లు పెద్ద. చక్కెర జబ్బుతో చూపు పోయి ఆరేళ్లయింది. ఎమ్మిగనూరులో కూతురు ప్రమీల ఇంట్లో, మగ్గం పక్కన నులక మంచం మీద ఉంటుంది. ప్రమీల మగ్గం ఆపకుండానే మేనమామను తిట్టగలదు.

"మామా! ఇప్పుడే కదా ఊడ్సినా! ఏటినంతా కాళ్లకి పూసుకోని వచ్చినావా? సూడు, గడప నుంచి మంచం దాకా ఇసుకే!"

"దులుపుకోనే వచ్చినా పాపా."

"పంచె అంచులో శేరు ఇసుక ఉండాది. దాన్నెవరు దులపాల? నీ అల్లుళ్లు వస్తారా?"

హులిగమ్మ మంచం మీంచి కాలు దించి, నేల మీది ఆ ఇసుకను బొటనవేలితో మెల్లగా రాస్తూ ఉండేది. "ఉండనీలే ప్రమీలా," అనేది. "ఏమిరా ఉచ్చీరా, బీగుడు నోరు మూసినాడా?"

అక్కాతమ్ముళ్లు పెరిగింది ఆ దిబ్బ మీదే. వరద తగ్గాక వాళ్ల నాయన ఇసుకలో తడి తగిలేదాకా గుంతలు తీసి, మేకల ఎరువు వేసి, కలింగర, అంటే పుచ్చకాయ గింజలు పెట్టేవాడు. రెల్లుగడ్డి గుడిసెలో ఎండాకాలం దాకా కాపురం. పంట అయిపోయాక చివరి కాయను ఇంటికి తేరు. తొడిమతో సహా ఇసుక మీద ఏటివైపు తిప్పి పెట్టి వస్తారు. దాన్ని దిబ్బకాయ అంటారు. వచ్చే ఏడు మళ్లీ పిలువమని దిబ్బకు చెప్పడం అది. ఇక ఆ నేలకు మళ్లీ రామనుకుంటేనే ఆ కాయను పగలగొట్టి, అక్కడున్నవాళ్లందరూ తలా ఒక ముక్క తిని లేస్తారు. వాళ్ల నాయన బతికుండగా ఎన్నడూ పగలగొట్టలేదు. ఆయన పోయి, సేద్యం ఆగిపోయినా, ఉచ్చీరప్ప ఎక్కడో ఒక కాయ సంపాదించి ఏటేటా పెట్టి వస్తూనే ఉన్నాడు.

ఇక్కడిదాకా నవ్వుకుంటూ చెప్పుకోవచ్చు.

మూడేళ్ల కిందట ఎండాకాలం ఏరు సన్నబడగానే ఇసుక ట్రాక్టర్లు దిగాయి. దిబ్బను ఒక అంచు నుంచి తింటూ వచ్చాయి. ఉచ్చీరప్ప మొదటి ట్రాక్టరుకు ఎదురుగా పోయి చెయ్యెత్తాడు.

"అప్పా, ఈడ కోడలు పురిటికొచ్చి ఉండాది. రవ్వంత పక్కన పోనీ."

డ్రైవరు దిగి, కిందా మీదా చూసి నవ్వాడు. మంచివాడే, పక్కనుంచి పోనిచ్చాడు. వెనకాల వచ్చినవాడికి ఆ మాట ఎవరూ చెప్పలేదు.

మూడో ఏడు శ్రావణంలో, పైనుంచి వదిలిన నీళ్లు ఒడ్డు దాటి వచ్చాయి. అప్పటికే సగం పోయిన దిబ్బకు నిలబడే బలం లేకపోయింది. వరద దిగాక యేసేపు, ఉచ్చీరప్ప ఒడ్డున నిలబడి చూశారు. దిబ్బ ఉన్నచోట నీళ్లు మామూలుగా పారుతున్నాయి. అక్కడ ఒకటి ఉండేదని ఏటికే గుర్తున్నట్టు లేదు. ఒక బండరాయిని పట్టుకుని రెండు మంచాలు వేసేంత ఇసుక మాత్రం మిగిలింది. పిట్టలు లేవు. నీటికుక్కలు ఏ దిక్కుకు పోయాయో తెలియదు. రెల్లు దుబ్బు ఒక్కటి పడిపోయి, నీళ్లలో తల ఊపుతోంది.

ఉచ్చీరప్ప రెండు గురువారాలు ఆటో ఎక్కలేదు. పుట్టి బోర్లించి దాని నీడలో కూర్చున్నాడు. యేసేపు పలకరిస్తే తువ్వాలుతో ముఖం తుడుచుకునేవాడు. మాటల్లేని ఉచ్చీరప్పను చూడడం, ఎండిన ఏరును చూసినట్టే ఉండేది.

మూడో గురువారం వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

"అన్నా, అక్కకి ఏమని సెప్తావు?" అన్నాడు యేసేపు.

"ఏమని సెప్పేదేంది? ఉండేదే సెప్తా."

ఎమ్మిగనూరులో హులిగమ్మ వీధి మలుపున ఎవరో ఇల్లు కడుతున్నారు. "ఈడ ఆపు," అన్నాడు ఉచ్చీరప్ప. దిగి, అక్కడ పోసిన ఇసుక కుప్పలో రెండు కాళ్లూ పిక్కలదాకా దింపాడు. పంచె అంచు విప్పి రెండు గుప్పిళ్లు పోసుకున్నాడు. యేసేపు నోరు తెరిచాడు, బీగుడి లాగే. మళ్లీ మూసేశాడు.

"మామా! మళ్లీ ఇసుక!" అని ప్రమీల తిట్టింది. ఆ తిట్టు వినగానే ఉచ్చీరప్ప ముఖం వెలిగింది.

"అక్కా, వరదకి రెల్లు పడిపోయింది గానీ దిబ్బకేం కాలేదు. ఇంగా పెరిగింది. మూడో అల్లుడికి కవలలు."

హులిగమ్మ బొటనవేలితో నేలను ఒకసారి రాసి, మళ్లీ రాసి చూసింది. తర్వాత, "ఆడపిల్లలా, మగపిల్లలా?" అని అడిగింది.

అలా ఎనిమిది నెలలు గడిచాయి. లేని దిబ్బ మీద ఆ ఎనిమిది నెలల్లో నాలుగు పెళ్లిళ్లు జరిగాయి, ఒక విడాకులు, రెండు రాజీలు. చలికాలంలో ఉత్తరం నుంచి తలపై నల్లగీతలున్న బాతులు వచ్చి, భోజనం బాగుందని వారం ఎక్కువున్నాయి. ఉన్న దిబ్బ మీద కూడా అంత హడావుడి ఎన్నడూ లేదని యేసేపుకు తెలుసు. గడపలో కూర్చుని వింటుంటే నవ్వొచ్చేది. ఆ నవ్వు ముగియకముందే లేచి పోయి, తుడిచిన ఆటో అద్దాన్నే మళ్లీ తుడిచేవాడు.

వైశాఖంలో ఒక గురువారం హులిగమ్మ అంది: "ఈ యేడు దిబ్బకాయ నేనే పెడ్తా. నన్ను తీసుకోని పో."

మగ్గం ఆగిపోయింది.

"ఎండలక్కా. నీకు సుస్తీ సేస్తాది."

"సేస్తే సేస్తాది. ఇంగెన్నాళ్లు ఉంటానో. ఒకసారి ఆ ఇసుక తొక్కి రావాల."

తిరిగి వచ్చి ఆటో దిగేముందు ఉచ్చీరప్ప, "యేసేపూ, నీకు ఈల వస్తాదా?" అని అడిగాడు.

వారం రోజులు రిహార్సలు జరిగింది. యేసేపు అల్లుడు. నాలుక మడిచి నీటికుక్కలా కిచకిచలాడుతూ ఈల వేయాలి. మాదన్న తీతువు పిట్ట. మనిషి కనపడగానే అరిచి ఊరంతా లేపుతుందని ఉచ్చీరప్ప దానికి తలారి పని ఇచ్చాడు.

"తలారి గొంతు ఇట్లుంటాదా మాదన్నా? గొంతులో పల్లీ ఇరుక్కున్నట్టుండాది."

"నీ అల్లుడు నా వల కొరికినాడు, ఇప్పుడు నువ్వు నా పాణం కొరుకు."

"అక్కకి సెవులు బాగా పన్జేస్తాయి. సరిగ్గా అరుసు సామీ, నీకు దండం పెడ్తా."

అనడమే కాదు, నిజంగానే చేతులు జోడించి వంగాడు. మాదన్న సాయంత్రం దాకా అరిచాడు.

ఆ రోజు పొద్దున్నే హులిగమ్మను ఆటోలో తెచ్చి, పుట్టి ఎక్కించారు. కాయ ఆదోని నుంచి యేసేపు తెచ్చాడు. ఉచ్చీరప్ప అక్క చేయి పట్టుకుని ఆ రెండు మంచాల ఇసుక మీదికి దించాడు. యేసేపు, మాదన్న బండరాయి వెనక మోకాళ్ల లోతు నీళ్లలో నక్కారు.

అక్క పాదాలు ఇసుకను తాకగానే వేళ్లు ముడుచుకుని విచ్చుకున్నాయి.

"నడువక్కా, గుడిసె ఉన్నచోటికి పోదాం," అని ఉచ్చీరప్ప ఆమెను నడిపించాడు. ఎటు నడిపిస్తాడు? ఏడడుగులేస్తే నీళ్లు. అందుకని గుండ్రంగా తిప్పాడు. ఆమె తన భుజం పట్టుకుని వస్తుంటే, తిరుగుతూనే చెబుతున్నాడు: "ఇది రెల్లు దుబ్బు. ఇది తాబేలు గుడ్లు పెట్టే గడ్డ. ఈడ కోడలు పొదిగింది, రవ్వంత పక్కకి."

మాదన్న అరిచాడు. యేసేపు ఈల వేశాడు. తడిబట్టలకు చలిపుట్టి మధ్యలో ఒక బీడీ కూడా వెలిగించాడు. అదే తప్పయింది.

"ఉచ్చీరా, అల్లుడు బీడీ మొదలుపెట్టినాడా?"

ఉచ్చీరప్ప తడుముకోలేదు. "సావాసదోషమక్కా. యేసేపు కాడ నేర్సినాడు."

"యేసేపు యాడుండాడు?"

"వాడు ఒడ్డు మీద పండుకున్నాడు."

ఎనిమిదో చుట్టులో హులిగమ్మ ఆగి, ముఖం పైకెత్తింది. "ఈ పొద్దు సూర్యుడికి ఏమైంది రా? ఎడమ సెంప మీదుంటాడు, ఈపు మీదికి పోతాడు, కుడి సెంప మీదికొస్తాడు. నా సుట్టూ ప్రదక్షిణం సేస్తాండాడే."

ఉచ్చీరప్ప కాళ్లు ఆగిపోయాయి. బండ వెనక ఈల కూడా ఆగిపోయింది.

"కూసుంటా. కాయ ఇటు ఇయ్యి," అంది ఆమె.

ఒళ్లో కాయ పెట్టుకుని అరచేతులతో తడిమింది. దాన్ని ఏటివైపు తిప్పి పెడుతుందని అందరూ చూస్తున్నారు. ఆమె పక్కనున్న బండరాయిని తడిమి చూసుకుని, కాయను రెండు చేతులా పైకెత్తి దానికేసి కొట్టింది. కాయ పగిలింది. ఎర్రటి రసం ఇసుకలోకి జారింది.

"పిలువు రా," అంది మెల్లగా. "అల్లుణ్ణి, తలారిని. తలా ఒక ముక్క."

యేసేపు, మాదన్న నీళ్లు కారుతూ బండ వెనక నుంచి వచ్చి కూర్చున్నారు. ఆమె తడుముకుంటూ ఒక్కొక్కరి చేతిలో ముక్క పెట్టింది. ఉచ్చీరప్ప తన ముక్కను పట్టుకుని కూర్చుండిపోయాడు. మోచేతి మీదుగా రసం కారి ఎండిపోతున్నా కొరకలేదు. అక్క చేయి అతని వీపు మీదికి వచ్చింది. చిన్నపిల్లవాడిని నిమిరినట్టు నిమిరింది.

"తిను రా ఉచ్చీరా. మనమే సెప్పకుంటే దిబ్బకి ఎవరు సెలవు సెప్తారు?"

అప్పుడు కొరికాడు. నలుగురూ తిన్నారు. అంతలో, తీతువు కూసింది. గొంతులో పల్లీ లేని, ఖంగుమనే కూత. మాదన్న నోటి నిండా కలింగర ముక్క ఉంది. చెయ్యి ఊపుతూ, నేను కాదు నేను కాదని తల అడ్డంగా తిప్పాడు.

తిరుగు ప్రయాణంలో ఆటోలో హులిగమ్మ, యేసేపు ఇద్దరే. ఉచ్చీరప్ప పుట్టి కట్టాలని ఏటి దగ్గరే ఉండిపోయాడు. సగం దారిలో ఆమె ముందుకు చెయ్యి చాచి, యేసేపు మెడ మీద ఏదో అంటించింది. కలింగర కాయ మీది గుండ్రటి స్టిక్కరు.

"దిబ్బకాయకి బొట్టు పెట్టి తెచ్చినావు గదప్పా."

యేసేపు ఆటో పక్కకు ఆపాడు. "అక్కా, నీకు ఎప్పుడు తెలిసింది?"

"వరద దిగినాక వాడొచ్చిన మొదటి గురువారం. ఏటి ఇసుక కాలి కింద జారిపోతాది. వాడు తెచ్చింది గీరుకుంటా ఉండాది. రాయి పొడి చేసిన మిషను ఇసుక. ఇండ్లకి పోసేది. ఎనిమిది నెలలు మా ఇంట్లో సగం గోడకి సరిపోయేంత పోసినాడు."

"మరి ఏంటికి సెప్పకుంటివి?"

హులిగమ్మ చేతికంటిన కలింగర రసం కొంగుతో తుడుచుకుంది.

"మా యమ్మ పోయినప్పుడు వాడికి మూడేండ్లు. దిబ్బ మీద మేం ముగ్గురమే. అందరికీ సుట్టాలుండారు, మనకి ఎవురూ లేరా అక్కా అని ఒకటే ఏడుపు. ఎందుకు లేరు, అరుగో నీ అల్లుళ్లు అని నీటికుక్కల్ని సూపించినా. మూతి మీద ఏలేసుకోని ఏడుపు మానినాడు. ఆ అబద్ధం నాదప్పా. వాడు దాన్ని అరవై ఏండ్లు సాకినాడు. నేనెట్ల తీసేసేది?"

మరుసటి గురువారం ఉచ్చీరప్ప ముందు సీట్లో కూర్చున్నాడు. వీధి మలుపున ఇసుక కుప్ప దగ్గర యేసేపు అలవాటుగా ఆటో నెమ్మది చేశాడు. "పోనీ పోనీ," అన్నాడు ఉచ్చీరప్ప, అటు చూడకుండా. ఆ రోజు ప్రమీల నేల మీద ఒక్క రేణువు లేదు. ఆమె మగ్గం ఆపి, గడప దాకా వచ్చి చూసి, తిట్టడానికి ఏమీ దొరక్క, మామకు టీ పెట్టింది.

"ఏమిరా ఉచ్చీరా," అంది హులిగమ్మ, కాలు దించకుండా. "సుట్టాలంతా ఎట్లుండారు?"

ఈ కథంతా యేసేపు రాయించి, మొన్న పుట్టిలో కూర్చుని ఉచ్చీరప్పకు చదివి వినిపించాడు. అతను తెడ్డు ఆపకుండా చివరిదాకా విన్నాడు.

"అంతా అబద్ధం," అన్నాడు. "మా అక్క కాయ పగలగొట్టలేదు. నేను ఇసుక పోసుకోలేదు. నువ్వు ఈల ఎయ్యలేదు, నీకు ఈల రాదు. దిబ్బ యాడికి పోయింది? నిన్ననే పోయొచ్చినా. తలారి నాలుగు గుడ్లు పెట్టింది. చెప్పులు ఇడువు, సూపిస్తా."

యేసేపు చెప్పులు విడిచాడు.

"ఇంగొకటి," అన్నాడు ఉచ్చీరప్ప, తెడ్డు నీళ్లలో దించుతూ. "అల్లుళ్లు ఏడుమంది కాదు. పదకొండే."